టీటీడీఎఫ్ గ్రాంటు: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

టెలికాం టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్. టెలికాం పరిశోధనకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు ఇది, అందరూ టీటీడీఎఫ్ అనే అంటారు. రేడియోలు, యాంటెన్నాలు, బేస్ స్టేషన్లు సొంతంగా తయారుచేద్దామని కూర్చున్న కుర్రాళ్లు, అమ్మాయిలు నన్ను ఎక్కువగా అడిగేది దీని గురించే. "సార్, దీనికి దరఖాస్తు పెట్టొచ్చా? పెడితే ఎక్కడ ఇబ్బంది పడతాం?" ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీరు చేస్తున్న పరికరం పల్లెలో, అడవిలో, కరెంటు నిలకడగా ఉండని చోట పనిచేయాల్సిందైతే ఈ గ్రాంటుకు తప్పకుండా పెట్టండి. నా లెక్కలో ఐదుకు మూడున్నర. ఆ ఒకటిన్నర ఎందుకు తగ్గించానో చెప్పడానికే ఈ సమీక్షలో ఎక్కువ చోటు పడుతుంది.

నేను టెలికాం శాఖలో జేటీవోగా, అంటే జూనియర్ టెలికాం ఆఫీసరుగా చేరినవాణ్ణి. శాఖ బీఎస్ఎన్ఎల్ అయ్యాక ఎస్డీఈగా, అంటే సబ్ డివిజనల్ ఇంజినీరుగా చేశాను. సర్వీసులో పెద్ద భాగం విశాఖ ఏజెన్సీలోనే గడిచింది. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల, సీలేరు. 2020 జనవరి 31న వీఆర్ఎస్ తీసుకుని బయటికొచ్చిన సుమారు 78 వేల మందిలో నేనూ ఉన్నాను. ఇప్పుడు విశాఖలో ఇంజినీరింగ్ పిల్లలకు, కొన్ని చిన్న కంపెనీలకు గ్రాంటు ప్రతిపాదనలు చదివిపెడుతుంటాను. ఫీజు తీసుకోను. కాబట్టి ఇది గ్రాంటు అందుకున్నవాడి సమీక్ష కాదు. అందుకోబోయేవాళ్ల కాగితాలు చదివేవాడిది, వాళ్లు చేసిన పెట్టెలు చివరికి ఎక్కాల్సిన టవర్ల కింద బతుకంతా పనిచేసినవాడిది.

ముందు ఈ డబ్బు ఎవరిదో తెలియాలి. టెలికాం కంపెనీలు తమ సర్దుబాటు చేసిన స్థూల ఆదాయంలో, అదే ఏజీఆర్‌లో, 5 శాతం పల్లెల కోసమని ఒక నిధికి కడతాయి. 2002 ఏప్రిల్ 1న మొదలైన ఆ నిధి పేరు యూనివర్సల్ సర్వీస్ ఆబ్లిగేషన్ ఫండ్. 2023 టెలికాం చట్టంతో దాని పేరు డిజిటల్ భారత్ నిధిగా మారింది, 2024 ఆగస్టు 30న నిబంధనలు వచ్చాయి. ఆ నిధికి ఏటా వచ్చే వసూళ్లలో 5 శాతాన్ని పరిశోధనకు పక్కన పెట్టాలని 2022 అక్టోబర్ 1న టీటీడీఎఫ్ మొదలుపెట్టారు. ఐదులో ఐదు శాతం. అంటే కంపెనీకి వంద రూపాయల ఏజీఆర్ వస్తే అందులో పావలా మీ ల్యాబుకు. ఆ పావలా మా జి.మాడుగులలో రీచార్జ్ చేయించుకునే ముసలమ్మది కూడా. ప్రతిపాదన రాసేటప్పుడు ఇది మనసులో ఉంటే రాత దానంతటదే మారుతుందని నా పిల్లలకు ఎప్పుడూ చెబుతుంటాను.

ఇక మంచి సంగతులు. ఇది గ్రాంటు, అప్పు కాదు. పెట్టుబడిదారుడిలా మీ కంపెనీలో వాటా అడగదు. రేడియో హార్డ్‌వేర్ చేసేవాళ్లకు ఇది ఎంత ముఖ్యమో యాప్ చేసేవాళ్లకు అర్థం కాదు. యాప్ అయితే ఆరు నెలల్లో జనం చేతిలో పెట్టొచ్చు. రేడియో అలా కాదు. బోర్డు గీయాలి, చేయించాలి, కాలిపోతే మళ్లీ చేయించాలి. పవర్ ఆంప్లిఫయర్ వేడెక్కి ఫ్రీక్వెన్సీ జరిగిపోతే కారణం వెతకడానికే ఒక వేసవి గడిచిపోతుంది. ఇంతకాలం ఓపిక పట్టే ప్రైవేటు సొమ్ము మన దగ్గర చాలా తక్కువ. కంపెనీలు, స్టార్టప్‌లు, కాలేజీలు, పరిశోధన సంస్థలు ఒక జట్టుగా కలిసి రావడాన్ని ఈ పథకం ప్రోత్సహిస్తుంది. కాలేజీలో లెక్కలు కట్టే ప్రొఫెసరు, ఆటోనగర్‌లో పెట్టె కోయించగల కుర్రాడు ఒకే కాగితం మీద సంతకం పెట్టడం నాకు బాగా నచ్చిన విషయం.

అన్నిటికన్నా నచ్చింది, పథకం ఉద్దేశంలోనే పల్లె అవసరాలకు తగిన సాంకేతికత అని రాసి ఉండటం. ఇది మొక్కుబడి మాట అనుకుని చాలామంది దాటేస్తారు. తమ ప్రతిపాదనలో చివరి పేజీలో "గ్రామీణ ప్రాంతాలకు కూడా ఉపయోగపడును" అని ఒక వాక్యం అతికిస్తారు. అలాంటి కాగితం నా దగ్గరికొస్తే వెనక్కిచ్చేస్తాను.

పల్లెకు తగిన రేడియో అంటే ఏంటో ఏజెన్సీలో చూడాలి. టవరుకు ఫైబర్ ఘాట్ రోడ్డు పక్కనుంచే వస్తుంది. వానాకాలంలో కొండచరియ జారితే రోడ్డుతో పాటు ఫైబరూ పోతుంది. మైక్రోవేవ్ లింకు పెడదామంటే ఒక కొండ నుంచి ఇంకో కొండ కనబడాలి, మధ్యలో చెట్టు పెరిగినా కష్టమే. మే నెల పిడుగులకు కార్డులు కాలిపోతాయి. సోలార్ పెడదామంటే, లంబసింగి వైపు డిసెంబరు, జనవరిల్లో పొద్దెక్కేదాకా మంచు తెర తొలగదు. ప్యానెల్ మీద ఎండ పడే గంటలు సగానికి సగం పోతాయి. బ్యాటరీ లెక్క హైదరాబాద్ ఎండ చూసి వేస్తే తెల్లవారుజామున టవరు ఆరిపోతుంది. పింఛను వేలిముద్ర పడాలంటే సిగ్నల్ అందే గట్టు దాకా ముసలివాళ్లను నడిపించుకెళ్లిన ఊళ్లు నాకు తెలుసు. ఆ ఊరికి సెకనుకు పది గిగాబిట్లు అక్కర్లేదు. పది వాట్లు తక్కువ తాగే రేడియో కావాలి.

ఇంకో సంగతి బయటివాళ్లకు తట్టదు. పల్లెలో దూరాన్ని ఆపేది టవరు కాదు, ఫోను. టవరు మీది రేడియో పదుల వాట్లతో పంపుతుంది. మన చేతిలోని ఫోను పంపేది మహా అయితే 200 మిల్లీవాట్లు. అందుకే తెర మీద గీతలు కనిపిస్తున్నా కాల్ వెళ్లదు. ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ మద్రాస్, సీవిట్ అనే వైర్‌లెస్ పరిశోధన సంస్థ వాళ్లు సరిగ్గా ఇక్కడ పట్టుకున్నారు. ఫోను పంపే సిగ్నల్ ఆకారాన్ని మార్చి, దాని ఎత్తుపల్లాలు తగ్గించారు. అప్పుడు ఫోనులోని ఆంప్లిఫయర్‌ని సిగ్నల్ చెడకుండానే ఇంకాస్త గట్టిగా వాడుకోవచ్చు, కాబట్టి అదే ఫోను ఇంకా దూరం అందుతుంది. టవరుకీ టవరుకీ మధ్య 6 కిలోమీటర్లు ఉండే పల్లె పరిస్థితిని కూడా 5జీ పరీక్షల్లో చూడాలని మనవాళ్లు అంతర్జాతీయ టెలికాం సంఘం దగ్గర పట్టుబట్టి చేర్పించారు. అంతకుముందు పల్లె లెక్కలో ఆ దూరం 1.732 కిలోమీటర్లే. ఈ మార్పులతో, టెలికాం ప్రమాణాలు రాసే మన సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ దేశం తరఫున పెట్టిన 5జీఐ ప్రమాణానికి 2021లో ఆ అంతర్జాతీయ సంఘం, అదే ఐటీయూ, ఆమోదం దొరికింది. ఆ తర్వాత దాన్ని మిగతా ప్రపంచం వాడే ప్రమాణంలో కలిపేశారు. విడిగా ఉండాల్సిందని బాధపడేవాళ్లున్నారు. నాకైతే కలవడమే మంచిదనిపిస్తుంది. విడిగా ఉంటే దానికోసం ఫోన్లు ఎవరు తయారుచేస్తారు?

ఈ పనుల వెనకా సర్కారు డబ్బుంది. 2018లో 224 కోట్ల రూపాయలతో, 5జీ పరికరాలను పరీక్షించుకునే టెస్ట్‌బెడ్ మంజూరైంది. ఐఐటీ మద్రాస్, ఢిల్లీ, హైదరాబాద్, బొంబాయి, కాన్పూర్, బెంగళూరు ఐఐఎస్సీ, సమీర్, సీవిట్, ఎనిమిది సంస్థలు కలిసి కట్టాయి. 2022 మే 17న ప్రారంభమైంది. ఐఐటీ హైదరాబాద్ నుంచి పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్, హైదరాబాద్ కంపెనీ సైయంట్‌తో కలిసి కోవాలా అనే ఎన్‌బీ-ఐఓటీ చిప్ చేసింది. కరెంటు మీటరు, నీటి మీటరు లాంటివి చాలా తక్కువ శక్తితో మాట్లాడుకోవడానికి పనికొచ్చే చిప్ అది. హైదరాబాద్‌లో ఇలాంటిది చేయగలరా అని అనుమానపడే పిల్లలకు ఈ పేరు చెబుతాను.

టీటీడీఎఫ్ కింద వెళ్తున్న ప్రాజెక్టుల్లో కొన్నిటిని నేను ఆసక్తిగా గమనిస్తున్నాను. పల్లెల 5జీ కోసం మిల్లీమీటర్ వేవ్ ట్రాన్సీవర్ (చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీలో సిగ్నల్ పంపి, అందుకునే పరికరం) చేయడానికి ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్, ఐఐటీ రూర్కీ 2024లో ఒప్పందం చేసుకున్నాయి. మిల్లీమీటర్ వేవ్ ఆకు అడ్డొచ్చినా ఆగిపోతుంది కదా, పల్లెకెందుకు అని మీకు అనిపించొచ్చు. ఫోనుకు నేరుగా అందించడానికైతే నిజంగానే పనికిరాదు. కొండ మీంచి కొండకు, ఫైబర్ తెగిన చోట, గట్టి లింకుగా వాడితే మాత్రం బంగారం. మా ఘాట్ వానకు ఎంత సిగ్నల్ కోసుకుపోతుందో కొలిచి డిజైన్ చేస్తే చాలు. అలాగే గోడల మధ్య, చెట్ల మధ్య సిగ్నల్ సమానంగా పరచడానికి సెల్-ఫ్రీ 6జీ యాక్సెస్ పాయింట్ల పని రూర్కీ, మండీ ఐఐటీలతో నడుస్తోంది. 2023 మార్చి 22న భారత్ 6జీ విజన్ పత్రం వచ్చినప్పటి నుంచి నా దగ్గరికొచ్చే ప్రతి ప్రతిపాదన మీదా 6జీ అనే అక్షరాలు కనబడుతున్నాయి. మీరు చేసేది నిజంగా ఆ పనైతే రాయండి. అందిన సిగ్నల్‌ని పెంచి మళ్లీ పంపే రిపీటర్ చేస్తూ 6జీ అని రాయొద్దు. మంచి రిపీటర్‌కి ఉండే విలువ తక్కువేం కాదు.

ఇప్పుడు తగ్గించిన మార్కుల సంగతి.

మొదటి అర మార్కు విడతల గురించి. డబ్బంతా ఒకేసారి రాదు, మైల్‌స్టోన్ దాటితే వస్తుంది. ప్రజల సొమ్ము కాబట్టి అది న్యాయమే. కానీ మైల్‌స్టోన్ దాటడానికి కావలసిన విడిభాగాల ఖర్చు ముందే పెట్టాలి. పెద్ద సంస్థకు అది లెక్కలోకి రాదు, ఐదుగురున్న కంపెనీకి జీతాలు ఆగిపోతాయి. పైగా సర్కారు గ్రాంటు ఏదైనా ఖర్చు చేసినట్టు యుటిలైజేషన్ సర్టిఫికెట్, అదే యూసీ, ఇవ్వాలి. యూసీ మీద కాలేజీ సంతకం, ఆడిటర్ సంతకం పడాలి. నేను దగ్గరుండి చూసిన ఒక జట్టు కథ చెబుతాను. అది టీటీడీఎఫ్ కూడా కాదు, వేరే చిన్న గ్రాంటు. పిల్లలు పెట్టె తయారుచేసి, కొండ మీద పరీక్ష కూడా చేసేశారు. కాలేజీ అకౌంట్స్ సెక్షన్‌లో యూసీ కాగితం ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్లడానికి ఒక సెమిస్టరు పట్టింది. ఈలోగా వాళ్లలో బాగా రేడియో తెలిసిన అమ్మాయి బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు. ఇంట్లో అప్పుంది. డబ్బు తర్వాత వచ్చింది కానీ ఆ చేయి తిరిగి రాలేదు. అందుకే చెబుతున్నాను, రెండు విడతల మధ్య జీతాలు ఇచ్చుకునే దారి లేకపోతే సంతకం పెట్టకండి. కాలేజీతో కలిసి వెళ్తుంటే ప్రొఫెసర్‌తో పాటు అకౌంట్స్ ఆఫీసర్‌ని కూడా మొదటి మీటింగుకే పిలవండి.

రెండో అర మార్కు పరీక్షల గురించి. పెట్టె తయారైతే సరిపోదు. దాన్ని గాలిలోకి వదలాలంటే ఫ్రీక్వెన్సీలకు అనుమతులిచ్చే డబ్ల్యూపీసీ నుంచి ప్రయోగ లైసెన్సు కావాలి. అమ్మాలంటే టెలికాం శాఖలోని ఇంజినీరింగ్ సెంటర్, అదే టీఈసీ, ఇచ్చే ఎంటీసీటీఈ అనే పరికరాల ధ్రువీకరణ కావాలి. మంచి సిగ్నల్ ఎనలైజర్ ధర చిన్న కంపెనీ ఏడాది ఖర్చును మించిపోతుంది. టెస్ట్‌బెడ్లున్నాయి, 2023 అక్టోబర్‌లో ప్రకటించిన 100 5జీ ల్యాబులున్నాయి, మన రెండు రాష్ట్రాల కాలేజీలకూ కొన్ని దక్కాయి. మీ దగ్గర్లో ఉన్నదాన్ని వెళ్లి చూడండి, అక్కడ పరికరం నడిపే మనిషి ఉన్నాడో లేదో కనుక్కోండి. ప్రతిపాదనలో పరీక్షల ఖర్చును "ఇతరములు" కింద పడేయకుండా విడిగా, పెద్దగా చూపించండి. నేను చదివిన చాలా ప్రతిపాదనల్లో బోర్డుల ఖర్చు పైసలతో సహా ఉంటుంది, ధ్రువీకరణకు ఒక్క గీత కూడా ఉండదు.

ఇక చివరి అర మార్కు. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే. పెట్టె తయారయ్యాక ఎవరు కొంటారు?

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఈ ప్రశ్న లేదు. 1984లో సీడాట్ పెట్టినప్పుడు శామ్ పిట్రోడా 36 నెలలు, 36 కోట్లు అడిగారని శాఖలో అందరం చెప్పుకునేవాళ్లం. ఆ డబ్బుతో వచ్చిందే పల్లె ఎక్స్‌ఛేంజీ, మేం ర్యాక్స్ అనేవాళ్లం. 128 పోర్టులు. 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదటిది పనిచేసింది. దాని గొప్పతనం వేగంలో లేదు, ఏసీ అక్కర్లేకపోవడంలో ఉంది. అప్పటిదాకా విదేశీ ఎక్స్‌ఛేంజీ అంటే చల్లటి గది, దుమ్ము లేని గది. ర్యాక్స్‌ని పంచాయతీ గదిలో పెట్టి, ఫ్యాను కూడా లేకుండా నడిపాం. కార్డు పోతే తీసి ఇంకో కార్డు పెట్టడమే. ఏజెన్సీ మండలాల్లో ఎస్టీడీ బూత్ వెలిగిందంటే దానివల్లే. అంత తొందరగా అన్ని ఊళ్లకూ ఎలా వెళ్లింది? డబ్బిచ్చిందీ ప్రభుత్వమే, కొన్నదీ ప్రభుత్వమే, నిలబెట్టిందీ మా శాఖే. తయారుచేసే ఇంజినీరుకు పల్లె లైన్‌మన్ కష్టం తెలిసేది.

ఇప్పుడు డబ్బిచ్చేవారు ఒకరు, టవర్లు నడిపేవారు ఇంకొకరు. ప్రైవేటు ఆపరేటరు ఒక చిన్న కంపెనీ రేడియోని తన నెట్‌వర్కులో పెట్టి పరీక్షించాలంటే సవాలక్ష భయాలుంటాయి. అవి న్యాయమైన భయాలే. కాల్స్ పోతే కస్టమరు తిట్టేది వాళ్లనే. పథకంలో పైలట్ల, అంటే చిన్న స్థాయి ప్రయోగాల, మాట ఉంది, సంతోషం. కానీ పైలట్ తర్వాత మొదటి ఆర్డరు అనే మెట్టు లేదు. ఆ మెట్టు లేకే మంచి పెట్టెలు ల్యాబు అల్మరాల్లో ఉండిపోతున్నాయి.

అమెరికాలో ఇదే పనికి 2022 చిప్స్ చట్టం కింద 150 కోట్ల డాలర్లతో వైర్‌లెస్ ఇన్నొవేషన్ ఫండ్ పెట్టారు. దాని మొదటి విడతలో వాళ్లు కొత్త రేడియోలకన్నా ముందు పరీక్షలకు, పరీక్షా పద్ధతులకు డబ్బిచ్చారు. 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన 4 కోట్ల డాలర్ల పైచిలుకు గ్రాంటు ఒకటి ఏటీ అండ్ టీ, వెరిజాన్ కలిసి ఉన్న జట్టుకు వెళ్లింది. మనవాళ్లు బోలెడంతమంది ఉండే డాలస్ ప్రాంతంలో పరీక్షా కేంద్రం కోసం. కొనేవాళ్లే పరీక్ష గదిలో కూర్చున్నారు. కొనేవాడి ముందే పాసైన రేడియోని రేపు అతను కాదనడం కష్టం. నాకు డబ్బు మొత్తం కన్నా ఈ ఏర్పాటు చూసి అసూయ వేసింది.

మన దగ్గర దీనికి దారి లేకపోలేదు. సిగ్నల్ లేని 24,680 ఊళ్లకు 4జీ ఇవ్వడానికి 2022 జూలైలో 26,316 కోట్లు మంజూరు చేశారు. ఆ డబ్బూ ఇదే నిధిది, పనిచేసేది బీఎస్ఎన్ఎల్, వాడేది స్వదేశీ పరికరాలు. సీడాట్, తేజస్ నెట్‌వర్క్స్, టీసీఎస్ కలిసి చేసిన ఆ 4జీ వ్యవస్థను 2025 సెప్టెంబర్ 27న ఒడిశాలోని ఝార్సుగుడలో ప్రారంభించారు. దేశంలో పరికరం తయారై, కొనేవాడు సిద్ధంగా ఉంటే ఏం జరుగుతుందో చూశాం. అదే తలుపు చిన్న జట్లకూ కొంచెం తెరవాలి. ఈ నిధి ఒక చేత్తో పరిశోధనకిస్తోంది, ఇంకో చేత్తో టవర్లు వేయిస్తోంది. వేయించే టవర్లలో కొన్ని కొండ సైట్లను టీటీడీఎఫ్ పరికరాలకని పక్కన పెడితే? పాత రేడియో పక్కనే కొత్తది, పోయినా ఊరికి సిగ్నల్ పోకుండా. ఒక వానాకాలం, ఒక మంచుకాలం నిలబడితే కొనుగోలు ఆర్డరు. ఈ ఒక్క నిబంధన వస్తే నేను నాలుగు ఇస్తాను.

అది వచ్చేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. దరఖాస్తుకు ముందే ఏదో ఒక ఆపరేటరు సర్కిల్ ఆఫీసులో, లేదా టవరు కంపెనీలో, ఒక ఇంజినీరుని పట్టుకోండి. మీ పెట్టె ఎక్కించడానికి ఒక సైటు ఇస్తామని, కొలతలు తీసుకోనిస్తామని ఉత్తరం రాయించుకోండి. సైటు పేరు, ఎత్తు, కరెంటు ఎన్ని గంటలుంటుంది, బ్యాక్‌హాల్ (టవరును నెట్‌వర్కుకు కలిపే లింకు) ఏంటి, అన్నీ ఆ ఉత్తరంలో ఉండాలి. ఆ సైటుకు మీరే వెళ్లి ఒక రాత్రి ఉండి రండి, బ్యాటరీ ఎన్ని గంటలకు దిగిపోతుందో చూసి రాసుకోండి. ఆ కాగితం, ఆ ఉత్తరం జత చేసిన ప్రతిపాదన ఎవరు తెచ్చినా నేను కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివిపెడతాను.